ముందుగా ఒప్పుకున్నవాళ్ళు

ఆఫీసు, అయిదో అంతస్తు, కిటికీ లేని మూల
ఎండలు తగ్గుతున్న రోజులు

అక్కా,

ఫోన్‌లో నేను వినననీ, వాగుతాననీ తీర్పు చెప్పేశావు కాబట్టి ఇకనుంచి ఉత్తరాలే. రాయడం నీకు శిక్ష, నాకు సరదా. చూద్దాం ఎన్నాళ్ళు తట్టుకుంటావో.

నన్ను కొత్త విభాగంలో వేశారు. పేరు వింటేనే ఆవలిస్తావు: పోటీ చట్టం. బజారులో పోటీ పడాల్సిన కంపెనీలు చాటుగా చేతులు కలిపి, ఈ వీధి నీది ఆ వీధి నాది, ధర నువ్వింత చెప్పు నేనింత చెప్తాను అనుకుంటే అది నేరం. అలా కుమ్మక్కైనవాళ్ళని పట్టించడమో, కాపాడటమో మా పని. ఎవరు ముందు మా తలుపు తడితే వాళ్ళ తరఫున.

ఇందులో ఒక్క సంగతి మాత్రం నాకు భలే నచ్చింది. కుమ్మక్కైన కంపెనీల్లో మొదట వచ్చి ఒప్పుకున్నవాళ్ళకి శిక్ష పూర్తిగా మాఫీ. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి కాస్తో కూస్తో తగ్గింపు. మిగతావాళ్ళకి జరిమానా, మేనేజర్లకైతే జైలు. వివరాలన్నీ ఒకేసారి మోసుకెళ్ళక్కర్లేదు. పోటీ కమిషన్‌కి వకీలు ఫోన్ చేసి, ఫలానా సరుకు, మా క్లయింటు ఒప్పుకోవడానికి వస్తున్నాడు అంటే చాలు, వరసలో మొదటి చోటు దక్కినట్టే. బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ విసురుతామే, అచ్చం అదే. మా ఆఫీసులో ఆ మాటే వాడతారు. "కర్చీఫ్ పడిందా?" అని.

మా సీనియరు ఒకావిడ. ఎదురుగా మేడమ్, వెనకాల దొరసాని. కేకలు వెయ్యదు. గొంతు తగ్గించినకొద్దీ అవతలివాడికి చెమటలు పడతాయి. ఆవిడ గది తలుపు ఎప్పుడూ బార్లా తీసే ఉంటుంది, మేమంతా భయపడుతూ దాని ముందు నడవాలని కాబోలు. "దొంగలు ఒకళ్ళనొకళ్ళు నమ్ముకున్నంతకాలం మనకి పని ఉండదమ్మా" అంటుంది. నా పక్క కుర్చీలో ఇంకో జూనియరు, పేరు కళ్ళజోడు. అది నెత్తి మీద పెట్టుకుని బల్ల కింద వెతుకుతుంటాడు.

కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. లేచి ఎటైనా పరిగెత్తాలనుంది. బావగారిని అడిగానని చెప్పు. ఆయన ఏం అమ్ముతారో నాకు ఇప్పటికీ తెలీదు. పెళ్ళినాడు అడిగితే "గాలి" అన్నారు.

నీ
పిట్ట


వార్డు పక్కన, డ్యూటీ గది
మొదటి వాన పడ్డ వారం

పిట్టా,

నీ రాత చూశాక మా డాక్టర్లు నయమనిపించారు. దొంగల తరఫున నువ్వెందుకే అని అడుగుదామనుకుని, నాకెందుకులే అని ఊరుకున్నాను.

వేరే సంగతి రాయాలి. రాస్తేగాని ఈ గదిలోంచి లేవలేను.

గోడవారగా మంచం మీద డ్రైవరుగారని ఒకాయన ఉండేవారు. బతుకంతా బస్సు నడిపిన మనిషి, ఊపిరితిత్తులు చెడి వచ్చారు. తలవైపు మంచం ఎత్తితే "సిస్టర్, ఎత్తెక్కుతున్నాం, గేరు మార్చండి" అనేవారు. సూది పొడిస్తే "గుంత చూసుకోవద్దూ!" అనేవారు. వార్డంతా నవ్వేది.

మాకు ఆక్సిజన్ ఇచ్చే కంపెనీ లారీ రాలేదు. ప్లాంటు చెడిపోయిందట. పొద్దున చెప్పాల్సిన మాట మధ్యాహ్నం చెప్పారు. ఉన్న సిలిండర్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఊళ్ళో ఇంకా మూడు కంపెనీలున్నాయి కదా అని నేనే ఫోన్లు చేశాను. మూడు చోట్లా ఒకే మాట, స్టాక్ లేదని. బతిమాలాను. పక్క ఊరి ఆసుపత్రి నుంచి తెప్పించేలోగా డ్రైవరుగారు పోయారు. చివర్లో జోకు వెయ్యలేదు. నా చెయ్యి పట్టుకుని, బండి ఎందుకు ఆగిందో నాకు తెలిసే ఉంటుందన్నట్టు మొహంలోకి చూస్తూ ఉండిపోయారు. వాళ్ళమ్మాయి బయట వరండాలో మందుల చీటీ పట్టుకుని నిలబడే ఉంది. నేనే వెళ్ళి చెప్పాను.

మీ బావ ఆ మూడు కంపెనీల్లో ఒకదాంట్లో అమ్మకాల మేనేజరు. ఆయన చెప్పిన గాలి ఇదేనే. ఇంటికెళ్ళి జరిగింది చెప్పాను. విన్నారు. కంచం ముందు కూర్చుని లేచిపోయారు. అప్పటినుంచి మాటా లేదు, నిద్రా లేదు. పనెక్కువై ఉంటుంది.

నువ్వు వేళకి తిను.

అక్క


హాస్టల్ గది
వాన ఆగడం లేదు

అక్కా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏం చెయ్యాలో తోచక చెప్పులు కడిగాను. ఊరడింపు మాటలు నాకు రావని నీకు తెలుసు. ఇక్కడుంటే నీ పక్కన కూర్చుని నోరు మూసుకునేదాన్ని, అది నా వల్ల కాని పనైనా సరే.

కానీ ఒకటి గొంతులో ముల్లులా ఉంది. మూడు కంపెనీలూ ఒకే మాటా? ఒకడు రేపిస్తాననాలి, ఒకడు రెట్టింపు రేటు చెప్పాలి, ఇంకొకడు కనుక్కుని చెప్తాననాలి. వ్యాపారి అన్నవాడు అలా మాట్లాడతాడు. ఇన్నాళ్ళూ ఎవడి దగ్గరో కొంటున్న ఆసుపత్రి తనంతట తాను వచ్చి బతిమాలుతుంటే పొమ్మంటాడా? ఒక్కడికైనా ఆశ పుట్టలేదా?

వద్దులే. ఏది చూసినా కుమ్మక్కులా కనిపించే జబ్బు పట్టుకుంది నాకు. నిన్న వీధి చివర పళ్ళబండివాళ్ళిద్దరూ ఒకే ధర చెప్తే నోటీసు ఇద్దామా అనిపించింది. "ఏంటమ్మా అలా చూస్తున్నావ్, పుచ్చులేం లేవు" అన్నాడు ఒకడు.

బావగారిని డాక్టరుకి చూపించు. నిద్ర లేకపోవడం మంచిది కాదు.

పిట్ట


ఇల్లు, వంటగది గట్టు మీద
వానలు వెనకపట్టాయి

పిట్టా,

ఈసారి నీ పనికి సంబంధించిన మాటే అడుగుతున్నాను, సంతోషించు.

మా వార్డులో ఒకావిడ పనిచేస్తోంది. నీకు తెలీదు. వాళ్ళాయన ఒక కంపెనీలో మేనేజరు. ఊళ్ళో అదే సరుకు అమ్మే కంపెనీలు నాలుగు. నలుగురు మేనేజర్లూ ఆదివారం పొద్దున స్టేడియంలో నడకకి వెళ్తారు. మైదానం చుట్టూ తిరుగుతూ ఊరిని పంచుకుంటారు. ఈ ఆసుపత్రి నీది, ఆ ఆసుపత్రి నాది అని. కాగితం ముక్క ఉండదు, ఫోను ఉండదు, బూట్లుంటాయంతే. ఒకరి వాటాలో ఇంకొకరు కాలు పెట్టకూడదు. సరుకు గోడౌన్లో మూలుగుతున్నా, అవతలివాళ్ళు ఎంత బతిమాలినా లేదనే చెప్పాలి. అదీ కట్టుబాటు. ఆవిడేమో ఇన్నేళ్ళూ మా ఆయన ఒళ్ళు చూసుకుంటున్నాడు, ఎంత బుద్ధిమంతుడో అని మురిసిపోయింది.

ఇప్పుడు ఆయనకి అంతా చెప్పెయ్యాలని ఉంది. యజమాని దగ్గరికి వెళ్ళి మనమే ఒప్పుకుందాం అనాలని ఉంది. మొదట ఒప్పుకుంటే మాఫీ అన్నావు కదా, అది నిజంగా నిజమేనా? మేనేజర్లకి కూడా వర్తిస్తుందా? ఆవిడ కనుక్కోమంది. ఆవిడకి జైలంటే భయం. టీలో పంచదార వేసుకున్నానో లేదో గుర్తులేక రెండోసారి వేసుకునే మనిషి, అక్కడ ఎలా బతుకుతాడు?

ఆలస్యం చెయ్యకు. ఆయన రోజూ కిటికీ దగ్గర నిలబడి ఉంటున్నాడట.

అక్క


ఆఫీసు, మెట్ల మీద
అదే వారం

అక్కా,

ముందు ఇది చదువు. ఆ "ఒకావిడ" మొగుణ్ణి వెంటనే వకీలు దగ్గరికి వెళ్ళమను. మా ఆఫీసుకి కాదు, నాకు తెలిసినవాళ్ళ దగ్గరికీ కాదు. మాఫీ నిజమే, కంపెనీ మొదట ఒప్పుకుంటే దాని మేనేజర్లకి కూడా వర్తిస్తుంది. ఇంతకంటే చెప్పలేను. ఎందుకు చెప్పలేనో అదీ చెప్పలేను. ఇక ఈ విషయం నాకు ఒక్క ముక్క కూడా రాయకు.

ఒకావిడట! టీలో పంచదార రెండుసార్లు వేసుకునే మొగుడు లోకంలో నీకొక్కదానికే ఉన్నాడు.

భయపడకు. నీ ఉత్తరం సంగతి ఎవరికీ తెలీదు. కానీ నేను చెయ్యాల్సిన పని ఒకటి ఉంది, చేసేశాను. మా దగ్గర ప్రతి సోమవారం ఒక కాగితం తిరుగుతుంది. మా క్లయింట్లు ఏయే వ్యాపారాల్లో ఉన్నారో అందులో ఉంటుంది. వాటిలో మన చుట్టాలు ఉన్నారనో, లేరనో రాసి సంతకం పెట్టాలి. నేను చదవకుండానే లేరని గీకి పారేస్తూ వచ్చాను. గాలి అమ్మే బావ ఆ కాగితంలో ఎక్కడ తగులుతాడనుకున్నాను? ఇప్పుడు తెలిసి కూడా పెడితే అది మోసం. అందుకని నీ ఉత్తరం అందిన పొద్దునే దొరసాని గదికి వెళ్ళాను.

"మేడమ్, ఒక వ్యాపారంలో మా బావగారు ఉన్నారండీ. ఇన్నాళ్ళూ చూసుకోలేదు. ఆ పనుల్లోంచి నన్ను తప్పించండి."

"కూర్చో అమ్మా. ఏ వ్యాపారం? ఏ కంపెనీ?"

చెప్పాను. చెప్పాలి, అదీ నియమమే.

"ఇన్నాళ్ళూ లేరని సంతకం పెట్టావు. ఇవాళెందుకు గుర్తొచ్చింది?"

"ఇంటి దగ్గర ఆ మాట వచ్చిందండీ."

ఆవిడ పెన్ను మూత పెట్టేసింది. ఏమీ రాసుకోలేదు. మెల్లగా అడిగింది, "అక్క బాగుందా?"

"బాగానే ఉందండీ."

"బావగారు? నిద్ర అదీ సరిగ్గా పడుతోందా?"

"లేదండీ, పాపం."

అంతే, ఇంకేం అడగలేదు. "మంచి పని చేశావు. మధ్యాహ్నం సెలవు తీసుకో, మొహం పీక్కుపోయింది" అంది. "వెళ్తూ ఆ తలుపు కాస్త వేసి వెళ్ళమ్మా." నేనొచ్చాక ఆ తలుపు మూసి ఉండగా చూడలేదు. మూస్తే కీచుమంటుందని ఇవాళే తెలిసింది.

ఇన్నాళ్ళూ ఆవిణ్ణి బండరాయి అనుకున్నాను. అక్కా, ఎవరూ అడగని మాట అడిగింది చూడు! ఆ వ్యాపారం పనులన్నిటి నుంచీ నన్ను దూరంగా పెట్టేశారు. ఇప్పుడు తేలిగ్గా ఉంది.

బావగారిని తొందరపెట్టు.

పిట్ట


ఇల్లు, ముందుగది
చలి మొదలైంది

నీకు,

బీరువా తలుపులు ఇంకా తెరిచే ఉన్నాయి. మూయబుద్ధి కాలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీ ఉత్తరం రాగానే మీ బావ యజమాని దగ్గరికి వెళ్ళారు. ఆయన ముందు తిట్టాడు, తర్వాత భయపడ్డాడు, ఆ తర్వాత ఆలోచించుకుంటానన్నాడు. ఆలోచించుకుని వకీలుని పెట్టేసరికి వారం తిరిగింది. వకీలు కమిషన్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు అన్నారట, "మీకంటే ముందు ఒకరున్నారు" అని. ఎవరో చెప్పలేదు. చెప్పరట. మొదటి చోటు పోయాక ఒప్పుకుని లాభమేంటని యజమాని వెనక్కి తగ్గాడు.

తర్వాత సోదాలు. మా ఇంటికి ముగ్గురొచ్చారు, మర్యాదస్తులే, చెప్పులు బయట విడిచారు. ఫోన్లు పట్టుకెళ్ళారు. స్టేడియం సంగతి, ఎవరి వాటా ఏదన్న సంగతి అన్నీ వాళ్ళకి ముందే తెలుసు. మూడు కంపెనీల్లో సోదా జరిగింది. నాలుగోదాని గడప తొక్కలేదు. అది మా వార్డుకి ఆక్సిజన్ ఇచ్చే కంపెనీ. లారీ పంపనిది. ఆ కంపెనీ మీ క్లయింటు కాదని నాకు రాయి చూద్దాం. రాయలేవు.

మీ బావ నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివారు. నిద్ర పడుతోందా అన్న చోట ఆగి నవ్వారు. "డాక్టరు అడిగినట్టు అడిగిందావిడ. పిల్ల రోగం చెప్పేసింది" అన్నారు. నాకు అర్థం కాలేదంటే విడమరిచి చెప్పారు. వారం వారం లేరని సంతకం పెట్టిన పిల్ల ఇవాళ వచ్చి ఉన్నారంటోంది. ఇంట్లో ఆ మాట వచ్చిందంటోంది. ఆ మనిషికి నిద్ర లేదంటోంది. అంటే అతను నోరు విప్పబోతున్నాడనే కదా! ఇంక ఆవిడకి ఏం కావాలి? నువ్వు సెలవు మీద హాస్టల్‌కి నడుస్తుంటే ఆ తలుపు వెనక ఆవిడ ఫోన్ తీసి ఉంటుంది.

నీకు రాయనిది ఒకటుంది, అదీ రాసేస్తాను. ఆ రోజు వార్డు నుంచి నేను ఫోన్ చేస్తే, మీ బావ కంపెనీలో ఫోన్ తీసింది మీ బావే. నేను గుర్తుపట్టాను. ఆయనా నన్ను గుర్తుపట్టారు. నేను ఆసుపత్రి పేరు చెప్పి, మనిషి పోయేలా ఉన్నాడన్నాను. "స్టాక్ లేదు సిస్టర్" అన్నారు. నన్ను, సిస్టర్ అని. పక్కన ఎవరో ఉన్నారట. గోడౌన్ నిండా ఉందట. ఆ కట్టుబాటు ఆయన నోటికి అంతగా అలవాటైపోయింది.

అందుకే ఒప్పుకోవాలనుకున్నారు. శిక్ష తప్పించుకోవడానికే అని ఎవరైనా అంటే అననీ, నాకు తెలుసు. ముందు ఆయన తన నోటితో చెప్పాలి, అదొక్కటే ఉండేది ఆయనకి. ఇప్పుడు ఆయన ఏం చెప్పినా దొరికాక చెప్పినట్టే.

అక్క


బస్టాండు బెంచీ
చలి

అక్కా,

రెండుసార్లు నీ ఊరి బస్సెక్కాను, రెండుసార్లూ కదిలేలోగా దిగిపోయాను. నీ గుమ్మం ముందు నిలబడి ఏమనాలో తెలియలేదు.

నువ్వు రాసింది అబద్ధమని నిరూపిద్దామనే మొదలుపెట్టాను. కళ్ళజోడుని అడిగాను. వాడు గొప్పగా చెప్పాడు, "అదే, మేడమ్ తలుపేసుకున్న రోజు! భోజనాల వేళకే కర్చీఫ్ పడింది. అప్పటిదాకా ఆ క్లయింటుని కదలకుండా కూర్చోమంది కదా, ఉన్నట్టుండి ఏం తోచిందో, మహా మేధావి!" ఆ ఉన్నట్టుండి ఎదురుగానే నిలబడి ఉందని వాడికి తెలీదు.

దొరసాని గదిలోకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. నా మాటని వాడుకున్నారు కదండీ అన్నాను. ఆవిడ కోపం కూడా తెచ్చుకోలేదు.

"నువ్వు నాకు కేసు గురించి ఏమైనా చెప్పావా?"

"లేదండీ."

"నేనేమైనా అడిగానా?"

"లేదు."

"క్లయింటుకి నిజం ఒప్పుకోమని సలహా ఇచ్చాను. ఒక ఊరి ఆసుపత్రులన్నీ ఆ పీడ నుంచి బయటపడ్డాయి. ఇందులో నీకు నచ్చనిది ఏది? నిజం బయటికి రావడమా, వేరేవాళ్ళ నోటి నుంచి రావడమా?"

అక్కా, బయటికి వచ్చేశాను. తర్వాత మెట్లు దిగుతుంటే నూరు జవాబులు దొరికాయి, ఒక్కటీ నిలబడలేదు.

ఇంకో సంగతి. ఆ కేసుకి మా విభాగానికి బహుమతి వచ్చింది. పోటీ చట్టంలో ఈ ఏటి ఉత్తమ న్యాయకృషి అట. పెద్ద హాలు, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు. వేగం, గోప్యత, విలువలు అని చదివారు. దొరసాని మైకు దగ్గర నా గురించి కూడా చెప్పింది. "మా జూనియరు ఒకమ్మాయి, అటువైపు తనకి చుట్టరికం ఉందని తెలియగానే ఎవరూ అడగకుండానే వచ్చి చెప్పి తప్పుకుంది. అలాంటి పిల్లల వల్లే మేమిక్కడున్నాం." హాలంతా చప్పట్లు. నా చేతులు కూడా కలిశాయి, నాకు తెలియకుండానే కొట్టేశాను. తర్వాత అందరితోపాటు ఫోటో. పక్కకి జరుగుదామంటే కళ్ళజోడు భుజం పట్టుకుని మధ్యలోకి లాగాడు.

ఉద్యోగం మానేస్తున్నాను. వకీళ్ళ మండలికి ఆవిడ మీద ఫిర్యాదు చేస్తాను. నీ ఉత్తరం, కవరు మీద పోస్టు ముద్ర, నేను ఆవిడ గదికి వెళ్ళిన రోజు, ఆవిడ ఫోన్ చేసిన రోజు, అన్నీ చూపిస్తే వినక ఏం చేస్తారు? నువ్వు ఊ అంటే చాలు. తిట్టు, కానీ రాయి.

పిట్ట


ఇల్లు
చలి పోయింది

పిట్టా,

ఫిర్యాదు వద్దు. నా ఉత్తరం బయటపడితే, మాట మా ఇంట్లోంచే పొక్కిందని యజమానికి తెలుస్తుంది. మీ బావ అప్పీలుకి వకీలుని పెట్టింది కూడా ఆయనే. మరునాడే చేతులు దులుపుకుని నేరమంతా ఈయన నెత్తిన పెడతాడు. ఇప్పుడు పెట్టింది చాలు.

విచారణకి నన్నూ పిలిచారు. ఆ రోజు ఫోన్లు చేసిన నర్సుని నేనే కదా. మూడు కంపెనీల్లో ఎవరెవరు ఏమన్నారని అడిగారు. మీ బావ కంపెనీ దగ్గరికి వచ్చేసరికి మా వకీలు లేచి, భార్య కాబట్టి ఆవిడ జవాబు చెప్పనక్కర్లేదు అన్నాడు. గొంతు గుర్తులేదంటే సరిపోయేది. వెనక వరసలో డ్రైవరుగారి అమ్మాయి కూర్చుని ఉంది. నావైపు చూడలేదు, జవాబులు రాసుకుంటున్న అధికారి పెన్ను వైపు చూస్తోంది.

"మా ఆయన" అన్నాను. "లేదన్నది మా ఆయన."

మీ బావ తల దించుకున్నారు. మెట్లు దిగుతుంటే "నువ్వైనా చెప్పావు" అన్నారు. అది మెచ్చుకోలో, నొప్పో నేను అడగలేదు. అదే సాక్ష్యం మీద శిక్ష పడింది. మొన్న లోపలికి వెళ్ళారు. వెళ్తూ చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నారు. సరిచెయ్యబోతే అక్కడి మనిషి "దూరంగా ఉండమ్మా" అన్నాడు. "చిన్నదాన్ని ఏమీ అనకు" అన్నారు మీ బావ, తలుపు దగ్గర ఆగి.

మాఫీ అయిన కంపెనీ లారీయే మా వార్డుకి వస్తోంది. ఇప్పుడు వేళకి వస్తోంది. నేనే దగ్గరుండి దించుకుంటున్నాను. మంచాల మీద మనుషులున్నారు, వాళ్ళతో నాకేం పంతం?

నిన్ను తిడదామనే కూర్చున్నాను. పొద్దుటి నుంచీ వెతుకుతున్నాను, ఏం పట్టుకుని తిట్టాలా అని. దొంగ సంతకం పెట్టనన్నావు, పెట్టమని నేననగలనా? నా మాట చెప్పలేదన్నావు, నమ్ముతున్నాను. మీ బావకి నిద్ర పడుతోందా అని ఒకావిడ అడిగితే ఉన్నమాట చెప్పావు. అబద్ధం ఆడాల్సిందే అని అందామంటే, ఒక్క అబద్ధంతో డ్రైవరుగారు పోయిన వార్డులో నిలబడి ఆ మాట ఎలా అనను? నువ్వు ఏదైనా తప్పు చేసి ఉంటే బాగుండేదే. నెత్తిన నాలుగు మొట్టి, ఇద్దరం కూర్చుని ఏడ్చి, పడుకునే ముందు నీ జడ విప్పి దువ్వేదాన్ని. నీ దగ్గర ఒప్పుకోవడానికి ఏమీ లేదు పిట్టా. నిన్ను దేనికని క్షమించను?

ఉద్యోగం మానతావో ఉంటావో నీ ఇష్టం. బస్సు మాత్రం ఎక్కకు. నేను రాసేదాకా రాయకు.

అక్క